రామక్క ఏరిన మాటలు

రామక్కను నేను మొదటిసారి చూసింది ఆడవాళ్ళ వార్డులో. ఒక మంచం పక్కన నేల మీద కూర్చుని కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను. పెనుబల్లి నుంచి కొత్తగా వచ్చిన స్టాఫ్ నర్సుని, కాస్త పెత్తనం చెయ్యాలన్న ఉబలాటం కూడా ఉండేది.

"ఏమ్మా, డ్యూటీలో నిద్రా?" అన్నాను.

ఆమె కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి ఆగమంది. మంచం మీది కోయ ముసలమ్మ ఏదో సన్నగా చెప్పుకుపోతోంది. అది పూర్తయ్యాక రామక్క కళ్ళు తెరిచి, "నొప్పి లేదంట సిస్టరమ్మా. లోపల ఎవరో నడుస్తున్నట్టు ఉన్నదంట," అంది.

డాక్టరుగారు వచ్చాక ఆ మాటే చెప్పాం. ఆయన ముసలమ్మ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. "నిజమే, నడుస్తోంది గుండే," అన్నారు. "కాస్త తడబడుతూ నడుస్తోంది. మందు రాస్తాను."

పంతొమ్మిది వందల ఎనభై దాటిన కొత్తలో సంగతి ఇది. భద్రాచలం దవాఖానాకి చింతూరు, కూనవరం అడవుల్లోంచి జనం వచ్చేవాళ్ళు. వాళ్ళ మాట మాకు రాదు, మా మాట వాళ్ళకి అంతంత మాత్రం. ఒకావిడ మంచం మీంచి "ఏర్, ఏర్" అంటూ ఉంటే, "ఇక్కడ ఏరెక్కడుందమ్మా, ఉన్నది గోదారి," అని చెప్పి వచ్చేశాను నేను. ఆవిడ అడిగింది మంచినీళ్ళు. ఇంకో పిల్లాడు "నన్న, నన్న" అని ఏడుస్తుంటే వాళ్ళ నాన్న కోసం ఊరంతా వెతికించాం. నన్న అంటే 'నేను' అట. "నేను కిందపడ్డాను" అని చెప్పబోతున్నాడు పాపం. ఇవన్నీ రామక్క వచ్చి విడమరిస్తే తెలిసేవి. ఆమె ఉద్యోగం ఆయా. పక్కలు సర్దాలి, నీళ్ళు పెట్టాలి. కాని ఏ మూల ఎవరు మూలిగినా "రామక్కను పిలవండి" అనేవాళ్ళం.

మధ్యాహ్నం వార్డు కాస్త సద్దుమణిగాక మందుల గది గుమ్మంలో కూర్చుని తన సంగతులు చెప్పేది. ఆమెది శబరి ఒడ్డున ఇప్పలగుంపు అనే చిన్న కోయ పల్లె. ఆశ్రమ పాఠశాలలో కొన్ని తరగతులు చదివింది. పెళ్ళయ్యాక మొగుడు గోపాలుతో ఇల్లందు వెళ్ళింది. అతనికి అక్కడ బొగ్గుబావిలో పని దొరికింది. లేబర్ లైన్లలో ఒక గది ఇల్లు. పక్కింట్లో హేమ్లి అనే లంబాడీ ఆవిడ.

"నాకు లంబాడీ రాదు, ఆమెకు కోయ రాదు. తెలుగు ఇద్దరికీ సరిగ రాదు," అనేది రామక్క. "అయినా నల్లా కాడ కూసుంటే పొద్దూకే దాక మాట్లాడుకునేటోళ్ళం. ఆమె మాట ఆమెదే, నా మాట నాదే."

రామక్కకి అక్కడే ఒక బిడ్డ పుట్టి, పుట్టిన పూటే పోయింది. ఆ మర్నాడు హేమ్లి వచ్చి, గోడకి ఆనుకుని కూర్చుని, రామక్క తలని ఒళ్ళో పెట్టుకుని లంబాడీలో మాట్లాడుతూనే ఉందట. ఒక్క ముక్క అర్థం కాలేదు. కళ్ళు మూసుకుని వింటూ ఉంటే, ఆమె తన ఊరి గురించి చెబుతోందనీ, అక్కడ ఒక గుట్ట ఉందనీ, ఆ గుట్ట మీద తనకీ ఒక బిడ్డని పాతిపెట్టారనీ తెలిసిపోయిందట. తర్వాత ఎన్నేళ్ళకో, ఇద్దరికీ తెలుగు బాగా వచ్చాక అడిగితే, అవ్, అదే చెప్పానని హేమ్లి అన్నదట. రామక్క ఈ సంగతి చెప్పినప్పుడు నేను నమ్మినట్టు తలూపాను. నిజంగా నమ్మింది తర్వాతే.

గోపాలు చెవులు బావిలో పోయాయి. రాయి పేల్చే చోట పని. ఒక్కసారిగా పోలేదు. "ముందు పిట్టలు పోయినయి," అనేది రామక్క. "తర్వాత వాన పోయింది. ఆఖర్న నేను పోయిన." చెవులు పోయాక బావిపని కుదరలేదు. భార్యాభర్తలు భద్రాచలం వచ్చి గోదారి దగ్గర పల్లపు వీధిలో ఇల్లు కిరాయికి తీసుకున్నారు. గోపాలుకి ఆలస్యంగా అబ్బిన తెలుగు అతన్ని ముందుగా వదిలేసింది. చిన్నప్పటి కోయ మాట మాత్రం మిగిలింది, అదీ పెద్ద గొంతుతో. అతను మాట్లాడితే వీధి చివరిదాకా వినపడేది. అతనికి తప్ప.

చెంచురామయ్య మాస్టారు మా ఊరాయనే. తాతల నాడు కృష్ణా వైపు నుంచి పెనుబల్లికి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం. ఆయన మాత్రం ఖమ్మంలో తెలుగు లెక్చరరుగా చేరి, ఖానాపురం హవేలిలో ఇల్లు కట్టుకుని, సెలవులు దొరికితే అడవి పల్లెలు పట్టుకు తిరిగేవారు. ఆ తిరుగుడులోనే మలేరియా తగులుకుని మా దవాఖానాకి వచ్చారు. చలి దుప్పట్లకి ఆగేది కాదు. మగవాళ్ళ వార్డుకీ ఆడవాళ్ళ వార్డుకీ మధ్య పలచటి చెక్క గోడ. దానికి అవతల రామక్క ఎవరితోనో కోయలో మాట్లాడుతూ ఉంటే, ఇవతల ఈయన జ్వరంలో వింటూ ఉండేవారు.

జ్వరం తగ్గిన రోజు నన్ను పిలిచారు. "సీతారావమ్మా, నాకో అడవి కనపడిందమ్మా. చెట్లన్నీ మాట్లాడుతున్నాయి. ఒక్కో చెట్టూ ఒక్కటే మాట అంటోంది, అన్నీ కలిస్తే ఏదో చెబుతున్నాయి. నేను దగ్గరికి వెళ్తే ఆగిపోతున్నాయి. ఆ గొంతు ఎవరిది?"

రామక్కను తీసుకొచ్చి చూపించాను. ఆయన లేచి కూర్చుని నమస్కారం పెట్టారు. ఆమె చేతిలో బకెట్టు ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడింది.

ఆయన ఆలోచన ఇది. ఆశ్రమ పాఠశాలలకి వచ్చే పంతుళ్ళకి పిల్లల మాట రాదు, పిల్లలకి పంతుళ్ళ మాట రాదు. కోయ మాటలకి తెలుగు అర్థాలు చెప్పే నిఘంటువు ఒకటి ఉంటే ఇద్దరికీ మధ్య ఒక తాడు కట్టినట్టవుతుంది. దానికోసమే ఊళ్ళు తిరుగుతున్నారు. కాని ఎవరిని ఏది అడిగినా తెలుగులోనే జవాబిస్తున్నారు. "చెట్టుని చూపిస్తే చెట్టు అంటారమ్మా. నేను వెనక్కి తిరగ్గానే వాళ్ళలో వాళ్ళు ఇంకేదో అనుకుంటారు. నాకు కావలసింది ఆ ఇంకేదో."

"నాకే సగం యాదికి లేదు సార్," అంది రామక్క. "ఇల్లందుల పారబోసుకొని వచ్చిన."

"పోతే పోయింది. ఏరుకుందాం," అన్నారాయన. "నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి నువ్వు అడుగు. నేను రాసుకుంటాను."

అలా కుదిరింది ఇప్పలగుంపు వర్క్‌షాపు. తునికాకు కోత అయిపోయి, వానలు ఇంకా మొదలుకాని సందులో, సెలవులకి మూసిన ఆశ్రమ పాఠశాల హాల్లో. నది ఒడ్డు పల్లెల నుంచి కొందరు, గుట్టల మీది పల్లెల నుంచి కొందరు పెద్దవాళ్ళు వచ్చారు. ఇంతమంది ఒకచోట చేరుతున్నారని నన్ను జ్వరం బిళ్ళలిచ్చి పంపించారు. నది ఒడ్డు నుంచి వచ్చిన బొజ్జయ్య చైను తెగిన సైకిలు నెట్టుకుంటూ వచ్చాడు. వర్క్‌షాపు అంటే బాగుచేస్తారనుకున్నాడట. పాఠశాల వాచ్‌మన్ ఎక్కడో పాత చైను వెతికి సైకిలు బాగుచేశాడు. దాంతో బొజ్జయ్య సంతోషించి ఉండిపోయాడు.

మొదటి రోజు ఏమీ జరగలేదు. రామక్క ఉతికిన తెల్లచీర కట్టుకుని, చాక్‌పీస్ పట్టుకుని, నల్లబల్ల దగ్గర పంతులమ్మలా నిలబడింది. ఇల్లుని ఏమంటారు? ఇల్లంటాం. వానని? వానంటాం. ఆడవాళ్ళు నేలచూపులు చూస్తూ కూర్చున్నారు. గుట్ట మీంచి దిగి వచ్చిన ముత్తక్క అందరికంటే పెద్దది, చెవులకి బరువైన కమ్మలు. ఆమె చివరికి తల ఎత్తి, "మా మాటలు మేం ఇంట్ల మాట్లాడుకునేటివి. సర్కారుకెందుకు?" అంది.

రామక్క బయటికి వచ్చి నా పక్కన మెట్ల మీద కూర్చుంది. "నేను మీలెక్క అడుగుతున్న సిస్టరమ్మా. నొప్పి ఎక్కడ, ఎప్పటిసంది అని. గట్ల అడిగితే ఎవరు చెప్తరు?"

మర్నాడు గోపాలు దిగాడు. ఇంట్లో ఒక్కడికీ పొద్దుపోలేదట. బస్సు దిగి అడవి దారిన నడిచి, తువ్వాల్లో మామిడిపళ్ళు మూటకట్టుకుని హాలు గుమ్మంలో నిలబడ్డాడు. లోపల నిశ్శబ్దంగా కూర్చున్న అంతమందిని చూసి, తన పెద్ద గొంతుతో కోయలో ఏదో అడిగాడు. రామక్క నవ్వాపుకోలేక నాకు చెప్పింది: "పోయినోళ్ళు ఎవరని అడుగుతుండు."

ఎవరూ పోలేదని ఎవరో చెప్పారు. అతనికి వినపడలేదు. బొజ్జయ్య లేచి అతని చెవి దగ్గర అరిచాడు. అదీ వినపడలేదు. ఒక ముసలాయన చేతులు తిప్పుతూ వివరించబోయాడు, గోపాలు దాన్ని ఇంకోలా అర్థం చేసుకుని చేపల గురించి మాట్లాడాడు. అందరూ నవ్వారు. చేపలు కాదు, మాటలు, అని ఇంకొకావిడ నోరు చూపించింది. అయితే ఆకలా అన్నాడతను. అంతే, హాలంతా లేచింది. నలుగురు నాలుగు వైపుల నుంచి అతనికి చెప్పడం మొదలుపెట్టారు. అతను మూలనున్న బుట్టని చూపించి దాని పేరు అన్నాడు. అది ఈ బుట్ట పేరు కాదు, పెద్ద బుట్ట పేరు అని నది వాళ్ళు దిద్దారు. మేం అలా అనం అని గుట్ట వాళ్ళు దిద్దారు. ముత్తక్క దగ్గరగా వచ్చి, ఆ బుట్టని చేత్తో తీసుకుని, అడుగునీ అంచునీ అల్లికనీ వేలితో తాకుతూ ఒక్కోదాని పేరూ గోపాలు మొహంలోకి చూసి గట్టిగా, విడివిడిగా చెప్పింది. చిన్నపిల్లవాడికి నేర్పినట్టు.

మూలన చెంచురామయ్య మాస్టారు రాయడం మర్చిపోయి చూస్తున్నారు. రామక్క వెళ్ళి ఆయన చేతిలో పెన్ను ఆడించింది. "రాయండి సార్, జల్దీ!"

ఆ తర్వాత నల్లబల్ల జోలికి ఎవరూ పోలేదు. గోపాలుని మధ్యలో కూర్చోబెట్టి, ఒక ఆకో, వలో, విరిగిన నాగలి ముక్కో అతని ముందు పెట్టేది రామక్క. అందరూ అతనికి చెప్పేవాళ్ళు. ఒక్కో మాటా అట్టముక్క మీద రాసి, కిటికీకీ కిటికీకీ మధ్య కట్టిన పురికొస తాళ్ళకి వేలాడదీసేవాళ్ళం. కొన్ని మాటలకి మాస్టారు తెలుగు వెతుక్కుంటూ నుదురు రుద్దుకునేవారు. కొత్త నీరు రాగానే చేప ఎదురెక్కడానికి ఒక మాట. ఎండబెట్టిన ఇప్పపువ్వు రెండోరోజు వాసనకి ఒక మాట. ఎవరి దగ్గరన్నా ఊరికే, ఏమీ మాట్లాడకుండా కూర్చుని రావడానికి ఒక మాట. వాటిని నేనిక్కడ రాయబోవడం లేదు, నా చేతిలో అవి వంకరపోతాయి.

కొన్ని మాటల మధ్యలో గొంతు టక్కున ఆగి మళ్ళీ కదిలేది. ఆ ఆపు లేకపోతే మాట ఇంకో మాట అయిపోతుంది. మాస్టారి చెవికి అది పట్టేది కాదు. "ఎక్కడమ్మా ఆగింది? నాకు తెలియలేదే," అనేవారు. రామక్క ఆలోచించి ఆయన వేళ్ళని గోపాలు గొంతు మీద పెట్టించింది. గోపాలు ఆ మాట అన్నాడు. మాస్టారి మొహం విచ్చుకుంది. "ఇదిగో! ఇక్కడ!" గోపాలుకి చక్కిలిగింతలు పుట్టి పకపకా నవ్వాడు. తెలుగులో దానికి అక్షరం లేదు. అక్షరం పైన చిన్న కొక్కెంలాంటి గుర్తు పెట్టుకున్నారు.

ఒక రోజు మాత్రం పెద్ద గొడవైంది. కాలిబాటకి నది వాళ్ళది ఒక మాట, గుట్ట వాళ్ళది ఇంకో మాట. మీరు మా బాట పట్టుకునే కదా ఊళ్ళోకి దిగుతారు, మా మాటే రాయాలన్నాడు బొజ్జయ్య. బాట మా ఇంటి ముందు మొదలై మీ దగ్గరికి వస్తుంది, పుట్టినచోట పెట్టిన పేరే పేరంది ముత్తక్క. మాటా మాటా పెరిగి ఆమె మూట సర్దుకుంది. గుట్ట వాళ్ళంతా లేచారు. రామక్క గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఒకే అట్ట మీద రెండు మాటలూ రాసి చూపించింది. పైన గుట్టది, కింద నదిది.

"వాళ్ళది పైనెందుకు?" అన్నాడు బొజ్జయ్య.

"గుట్ట పైననే కద మామా ఉండేది? నది కిందనే కద?"

బొజ్జయ్య ఆలోచించి, అవ్ అన్నాడు. ముత్తక్క మూట దించింది.

ఆ మధ్యాహ్నం బిళ్ళలు పంచడం అయ్యాక నేను వరండాలో కొంగు పరుచుకుని నడుం వాల్చాను. అడవి మీంచి వేడిగాలి వస్తోంది. హాల్లో తాళ్ళకి వేలాడే అట్టముక్కలు ఒకదానికొకటి తగిలి సన్నగా గలగలమంటున్నాయి. మాస్టారు జ్వరంలో చూసిన అడవి ఇదే కాబోలు అనిపించింది. లోపల ముత్తక్క గొంతు, బొజ్జయ్య గొంతు, గోపాలు కేకలు. నాకు ఒక్క మాటా రాదు. సగం నిద్రలో మాత్రం అన్నీ వచ్చినట్టే ఉంది. లేచాక ఏదీ గుర్తులేదు. ఎప్పుడో పుట్టకముందు ఉన్న ఊరిలోంచి లేచి వచ్చినట్టు కాసేపు అలాగే కూర్చున్నాను.

అట్టలన్నీ ఒక ఇనప్పెట్టెలో సర్దారు. కాలేజీ పనులు తెమిలాక మాస్టారు వచ్చి కూర్చుని కాపీ రాసుకుంటానన్నారు. అందాకా పెట్టె రామక్క ఇంట్లో ఉంది.

ఆ ఏడే, ఎనభై ఆరు ఆగస్టులో, గోదారి వచ్చింది. ఆ వరద చూసినవాళ్ళకి వర్ణించనక్కర్లేదు, చూడనివాళ్ళకి వర్ణించలేను. నది అంచు ఎక్కడో తెలియకుండా పోయింది. కరెంటు పోల్ మీద పాము చుట్టుకుని ఉండటం చూశాను. రామక్క, నేను దవాఖానాలో మంచాలు మేడమీదికి మోయిస్తున్నాం. పల్లపు వీధులు ఖాళీ చెయ్యమని మైకులో చెబుతున్నారు. ఆ మైకు వినపడని మనిషి ఒకడు ఇంట్లో ఉన్నాడని రామక్కకి గుర్తుకొచ్చి చేతిలోని పక్కబట్టలు జారిపోయాయి. పరుగెత్తబోతే వాచ్‌మన్లు పట్టుకున్నారు. అటువైపు దారి లేదు.

చాలాసేపటికి దవాఖానా మెట్ల దగ్గర మోకాలిలోతు నీళ్ళలో గోపాలు కనిపించాడు. మెడ మీద ఒక మేక. చంకలో ఇంకో మేకపిల్ల. పక్కింటి రామ్‌సింగ్‌వి అవి. ఆ ఇంట్లోవాళ్ళంతా అంతకుముందే వెళ్ళిపోయారట. గోపాలు మధ్యాహ్నం నిద్రలో ఉంటే వీపుకి చల్లగా తగిలిందట. కలేమో అనుకుని ఇంకాసేపు పడుకున్నాడట.

రామక్క అతన్ని పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, మేకని దించింది. తర్వాత చేతులతో పెట్టె గుర్తు చేసి చూపించింది. పెట్టె ఏదీ?

గోపాలు తల దించుకున్నాడు. "మేక నోరు తెరిచి అరుస్తంది," అన్నాడు కోయలో. రామక్క నాకు తెలుగు చేసి చెప్పింది. "నాకు వినపడలేదు. కనపడ్డది. అందుకే దాన్ని తెచ్చిన అంటుండు."

"పెట్టె సంగతి పోనీ," అని తనే అతని తల తుడిచింది.

నీళ్ళు తీశాక పెట్టె దొరికింది. బురదలో కూరుకుని, మూత ఊడకుండా. తెరిస్తే లోపల అట్టలన్నీ ఒకే ముద్ద. సిరా కరిగి పెట్టె అడుగున నీలంనీళ్ళు నిలిచాయి. మాస్టారు ఏదో లారీ పట్టుకుని వచ్చారు. ముద్దని ఎండలో పెట్టి పొరలు పొరలుగా విడదీయబోయారు. పొర విడిచే కొద్దీ ముక్కలవుతోంది. ఒకచోట ఆ చిన్న కొక్కెం గుర్తు మాత్రం కనపడింది, దాని కింది మాట లేదు. ఆయన బురద గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు.

"మళ్ళీ వర్క్‌షాపంటే ఒప్పుకోరు రామక్కా. ఈ పరిస్థితిలో నేను అడగను కూడా అడగలేను."

రామక్క రాళ్ళ పొయ్యి మీద ఆయనకి టీ కాచి ఇచ్చింది. ఆయన తాగాక, "వర్క్‌షాపు ఎందుకు సార్? మనుషులు దవాఖానకు వస్తనే ఉన్నరు గద," అంది.

నిజంగానే వస్తున్నారు. వరద తర్వాత జ్వరాలు, విరేచనాలు. వార్డుల్లో మంచాలు చాలక వరండాలో చాపలు వేశాం. ఒక్కో రోగితో ఇద్దరు ముగ్గురు చుట్టాలు. వాళ్ళు పగలంతా వరండాలో ఊరికే కూర్చునేవాళ్ళు. రామక్క గోపాలుని తెచ్చి వాళ్ళ మధ్య కూర్చోబెట్టింది. తను పని మధ్యలో వచ్చి పోతూ, విన్నవి మాస్టారికో నాకో చెప్పి రాయించేది. ఈసారి వచ్చిన మాటలు కొన్ని పాతవే, చాలా వరకు కొత్తవి. నీళ్ళ మాటలు ఎక్కువ వచ్చాయి. ఎండాకాలం వర్క్‌షాపులో ఒకటో రెండో దొరికిన నీటి మాటలు ఇప్పుడు వరండా నిండా పారుతున్నాయి.

ఆ రోజుల్లోనే గుట్ట వాళ్ళు ముత్తక్కను మంచం మీద మోసుకొచ్చారు. జ్వరం ముదిరింది. మనిషి మంచంలో సగం కూడా లేదు. కమ్మలు తీసేస్తే చెవులు పలచటి ఆకుల్లా ఉన్నాయి. రామక్క పక్కన కూర్చుని, కాస్త తేరుకున్నాక బాట మాట మళ్ళీ ఒకసారి చెప్పమని అడిగిందట. ముత్తక్క చెప్పలేదు.

"నేను చెప్పుడు అయిపోయింది. నువ్వు చెప్పు, నేను వింట," అంది.

రోజూ మధ్యాహ్నం అలాగే జరిగేది. వర్క్‌షాపులో విన్న మాటలు గుర్తున్నవి గుర్తున్నట్టు రామక్క ఒక్కొక్కటే చెప్పేది. బుట్ట అంచు. వల ముడి. చేప ఎదురెక్కడం. ముత్తక్క కళ్ళు మూసుకుని వింటూ, తప్పు పోయినచోట దుప్పటి మీంచి చూపుడువేలు ఎత్తేది. రామక్క ఆగి ఇంకోలా పలికేది. వేలు దిగేది. నేను సెలైను సీసా మార్చడానికి వెళ్ళినప్పుడల్లా ఆ వేలు లేవడం, దిగడం చూస్తూ నిలబడేదాన్ని. కిటికీలోంచి వాన వాసన వచ్చేది. బడి జరుగుతున్నట్టు ఉండేది, కాని పంతులమ్మ ఎవరో తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం రామక్క చెబుతూనే ఉంది. వేలు లేవలేదు. తప్పులు లేవనుకుని చాలాసేపు చెప్పుకుంటూ పోయింది. నేను వెళ్ళి నాడి చూశాను. చూసి రామక్క భుజం మీద చెయ్యి వేశాను. ఆమె ఆగలేదు. చెప్పబోతున్న మాట ముగించి, దాని తర్వాతది కూడా చెప్పి, అప్పుడు లేచింది.

పోయిన మాటలన్నీ దొరకలేదు. ఇప్పపువ్వు రెండోరోజు వాసన మాట ముత్తక్కదే, ఆమె ఊరివాళ్ళకే తెలుసు. ఆ ఊరికి రామక్క సెలవు పెట్టి వెళ్ళింది. అడిగితే తలో రకంగా చెప్పారు. ఏది సరైనదో ఎత్తి చూపే వేలు లేదు. మూడు రకాలూ రాసుకుని వచ్చింది. అలా సెలవులన్నీ పల్లెలకే పోయాయి. భార్యాభర్తలిద్దరూ ఉదయం బస్సు దిగి ఏ ఇంటి అరుగు మీదో కూర్చునేవాళ్ళు. గోపాలు ఏదో ఒక వస్తువు చూపించి తప్పు పేరు పెట్టేవాడు. కొన్నాళ్ళకి నాకు అనుమానం వచ్చింది, తెలిసే తప్పు చెబుతున్నాడేమోనని. రామక్కని అడిగితే, "నాకూ గట్లనే అనిపిస్తది," అంది.

తొంభై దాటాక పుస్తకం అచ్చయింది. పలచటి పుస్తకం, లేత గోధుమ అట్ట. ప్రతులు దవాఖానాకే వచ్చాయి. మాస్టారు కట్ట విప్పి మొదటి పేజీ తిరగేసి "అయ్యో" అన్నారు. గొంతు ఆపు గుర్తు ఎక్కడా లేదు. ప్రెస్సులో దాన్ని ఏదో మరక అనుకుని వదిలేశారట. అందువల్ల చాలా మాటలు వేరే మాటలైపోయాయి. "ఇదేం పుస్తకం! పంచకూడదు," అన్నారాయన.

రామక్క ఒక పెన్ను నాకిచ్చి, ఒకటి ఆయనకిచ్చి, ఒకటి తను తీసుకుంది. డ్యూటీ గదిలో టేబులు చుట్టూ కూర్చుని ఒక్కో ప్రతీ తెరిచి గుర్తులు పెట్టడం మొదలుపెట్టాం. ఎక్కడ పెట్టాలో నాకు తెలియదు కనుక గోపాలు నా పక్కన కూర్చున్నాడు. రామక్క పెదాలు కదిపి మాట చూపిస్తే, అతను తన గొంతు మీద వేళ్ళు పెట్టుకుని పలికి, ఆగినచోట నా చేతి మీద తట్టేవాడు. నేను కొక్కెం గీసేదాన్ని. ఎన్నో మధ్యాహ్నాలు ఆ పనితోనే గడిచాయి. మధ్యలో గంట మోగితే లేచి వార్డుకి వెళ్ళి ఇంజక్షన్లు చేసి వచ్చేదాన్ని. మా కొత్త డాక్టరు కుర్రాడు ఒక ప్రతి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. వెతుక్కుని వెతుక్కుని "ఏర్ కావాలా?" అని రోగుల్ని అడిగేవాడు. వాళ్ళు నవ్వి, దాహం లేకపోయినా తాగేవాళ్ళు.

నాకు ఖమ్మం ట్రాన్స్‌ఫర్ అయింది. రామక్క అప్పటికి రిటైరైంది. నన్ను ఎక్కించడానికి బస్టాండుకి వచ్చింది. సామాను దగ్గర నిలబడి ఇద్దరం మాట్లాడుకుంటుంటే, మా ముందు నుంచి ఒక కోయ పడుచు భుజం మీద తూగుతున్న బిడ్డతో వెళుతూ, బిడ్డ చెవిలో ఏదో ఒక మాట అంది. రామక్క మాట్లాడుతున్నది ఆపేసింది.

"ఏమంది?" అన్నాను.

"తెల్వదు సిస్టరమ్మా. ఈ మాట నేను ఎన్నడూ వినలే."

ఆ పడుచు చింతూరు బస్సు ఎక్కింది. రామక్క నా మొహం చూసింది, బస్సు చూసింది. డ్రైవరు హారను కొట్టాడు. "పైలంగ పోయి రాండ్రి సిస్టరమ్మా," అని నా చెయ్యి నొక్కి, వెళ్ళి ఆ బస్సు ఎక్కేసింది. కిటికీలోంచి చూశాను. ఆ పడుచు పక్కన కూర్చుని, బిడ్డని తన ఒళ్ళోకి తీసుకుంటోంది. బస్సు అడవి దారికి తిరిగింది.

తర్వాత ఎప్పుడో ఖమ్మంలో మా క్వార్టర్సుకి వచ్చినప్పుడు చెప్పింది. ఊరు కనుచూపు మేరకి వచ్చాక పిల్లలకి సరిగ్గా అప్పుడే నిద్ర ముంచుకొస్తుంది కదా, ఆ నిద్రకి గుట్టల్లో ఒక ఊళ్ళో పేరు ఉందట. ఆ నిద్ర పోవద్దని బిడ్డకి బస్సు ఎక్కకముందే చెబుతోందట తల్లి. ఆ ఒక్క ఊళ్ళోనే ఉందా, ఇంకా ఎక్కడన్నా ఉందా అని తెలుసుకోవడానికి రామక్క అక్కడే కొన్నాళ్ళు ఉండిపోయింది. కొత్త చిక్కుడుకాయలు వచ్చాక చేసుకునే చిక్కుడు పండక్కి మళ్ళీ రమ్మన్నారట. గోపాలుని కూడా తీసుకుని వెళ్ళింది.